ఎక్కడికీ వెళ్ళని వ్యాను

ముందు ఒక గొంతు వినిపించేది. "కొట్టు!"

ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీలో గొట్టంలోంచి నీళ్ళు దిగుతున్న చప్పుడు, ఎక్కడో కిటికీ రెక్క గాలికి మూలుగుతున్న చప్పుడు వినిపించేవి. పిలుపుకి ఎవరూ బదులివ్వలేదని అర్థమయ్యేది. అప్పుడు సిమెంటు నేల మీద చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో నడిచేవారు. బండి తలుపు కిర్రుమనేది. సెల్ఫ్ మోటారు గరగరలాడేది. ఇంజను ఒళ్ళు విరుచుకుని లేచి, ఒక్క నిమిషం నడిచి, ఆగిపోయేది. మళ్ళీ చెప్పులు. మళ్ళీ అదే గొంతు. "కొట్టు!"

ఆ సందులోకి నేను కొత్తగా అద్దెకు దిగిన రోజులవి. మేడ మీద ఒక గది, దానికి వెనకవైపు ఒక కిటికీ. పొద్దున ఆరు దాటిందంటే ఆ కిటికీ కింద ఒక వ్యాను స్టార్టయ్యేది, ఎక్కడికీ వెళ్ళేది కాదు. చెడిపోయిందనుకుందామంటే ప్రతిసారీ చక్కగా అందుకుంటోంది. బాగానే ఉందనుకుందామంటే మరి ఎందుకు ఆపుతున్నట్టు? పది రోజులు విన్నాను. పదకొండో రోజు, పిలుపుకీ చెప్పుల చప్పుడుకీ మధ్య ఉన్న ఆ ఖాళీని ఇక వినలేక, మెట్లు దిగి వెళ్ళాను.

రేకుల షెడ్డు. గోడలకి మేకులు, మేకులకి రంగురంగుల వైర్ల చుట్టలు. మధ్యలో తెల్ల వ్యాను, పక్కన కాస్త సొట్ట, బానెట్ ఎత్తి ఉంది. బానెట్ కింద వంగిన వీపు ఒకటి కనిపించింది, మొహం కనిపించలేదు. అలికిడికి ఆ వీపు తిరగలేదు కూడా.

"తాళం బండికే ఉంది. కొట్టు అన్నప్పుడు తిప్పు. ఆపు అన్నప్పుడు వదిలెయ్."

ఎవరు నువ్వని అడగలేదు. నేను ఎక్కి కూర్చున్నాను.

"కొట్టు!"

తిప్పాను. ఇంజను లేచింది. బానెట్ సందులోంచి ఆయన మొహం అప్పుడు చూశాను. బండి స్టార్టయితే సంతోషించే మొహం కాదది. ఎదురుచూసిన మనిషి ఈ బస్సులోనూ దిగలేదని తెలిసినవాడి మొహం.

"ఆపు," అన్నాడు. సుద్దముక్క తీసుకుని గోడ మీద ఒక గీత గీశాడు. ఆ గోడంతా గీతలే. అయిదేసి గీతల కట్టలు కిటికీ దాకా, కిటికీ దాటి మూల దాకా.

"నాలుగు వందల పన్నెండు. ఒక్కసారైనా మొరాయించలేదు, దొంగముండ."

తిట్టు బండికని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది.

*

సందులో అందరూ ఆయన్ని టెస్టరు అనేవారు. వెనకటికి బండ్ల కరెంటు పని నేర్పిన మేస్త్రీ పెట్టిన పేరట. చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాళ్ళుంటారు, ఈయన చెవి మీద టెస్టరుండేది. మేకులాంటి మొనా, పిడిలో చిన్న బల్బూ ఉన్న పనిముట్టు. ఎక్కడ గుచ్చితే అక్కడ కరెంటుందో లేదో ఆ బల్బు చెబుతుంది. నేను ఆయన్ని బాబాయ్ అన్నాను. రెండు రోజులు ఆ పిలుపుకి పలకలేదు. మూడో రోజు టీ గ్లాసు నా వైపు జరిపాడు. వరస కుదిరిందనుకున్నాను.

ఆయన దగ్గరికి మామూలు రోగమున్న బండ్లు వచ్చేవి కావు. బ్యాటరీ దిగిపోయిన బండిని ఎవరైనా బాగుచేస్తారు. అప్పుడప్పుడూ మాత్రమే చెడేవి, మెకానిక్కు గుమ్మంలోకి రాగానే బుద్ధిమంతుల్లా నడిచేవి, నలుగురు చేతులెత్తేశాక చివరికి ఈ షెడ్డుకి చేరేవి. వాటి జబ్బుని దొంగ ఫాల్టు అనేవాడు. దానికి ఆయన నియమం ఒక్కటే. ఫాల్టు కళ్ళ ముందుకి రావాలి. వచ్చేదాకా దేన్నీ ఊడదీయకూడదు, దేన్నీ మార్చకూడదు.

"ఊడదీసి మళ్ళీ బిగించావనుకో, బాగైపోతుంది. ఎందుకు బాగైందో నీకు తెలీదు, దానికీ తెలీదు. నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిసినప్పుడు దీపాలన్నీ వేసి గోల చేస్తామా? గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చుంటాం."

అలా కూర్చోవడంలో ఆయనకి సాటి లేరు. వానొస్తే ఆగిపోయే కారు మీద మొక్కలకి పోసే డబ్బాతో మూడు రోజులు చినుకులు కురిపించాడట. ఇంకో కారుండేది. దాని యజమాని తల గోక్కుంటూ వచ్చి, "మా అత్తగారు కూర్చున్నప్పుడే స్టార్టు కాదండీ, నవ్వకండి," అన్నాడట. షెడ్డంతా నవ్వింది, ఈయన నవ్వలేదు. ఆ పెద్దావిడని పిలిపించి, వెనక సీట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, సీటు బరువుకి కింద ఒక వైరు నలుగుతోందని పట్టుకున్నాడు. దిగేటప్పుడు ఆవిడ అల్లుడితో, "ఇన్నాళ్ళూ నా జాతకం అన్నావు కదయ్యా," అందట.

ఈ కథ ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నవ్వు దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆపేశాడు.

*

ఆయన ఎవరిని "కొట్టు" అని పిలుస్తున్నాడో నాకు చెప్పింది ఆయన కాదు, ఆయన భార్య తమ్ముడు.

ఊళ్ళో లారీ నడిపే మనిషి, వారానికోసారి వచ్చేవాడు. బావ తిన్నాడో లేదో గిన్నె మూత తీసి చూసేవాడు. మొదటిసారి డ్రైవరు సీట్లో నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. తర్వాత పక్కకి పిలిచి, "ఇరవై ఏడేళ్ళు ఆ సీట్లో మా అక్క కూర్చునేదమ్మా," అన్నాడు. "బావ బానెట్ కింద, అక్క తాళం దగ్గర. ఏ బండి వచ్చినా అంతే. కొట్టు అంటే కొట్టేది, ఆపు అంటే ఆపేది. ఇంట్లో మాత్రం ఒక్క మాట వినేది కాదు."

పిన్నిని నేను చూడలేదు. నేను రావడానికి రెండు నెలల ముందే ఆవిడ వెళ్ళిపోయింది. అయినా ఆ వ్యానులో కూర్చున్నకొద్దీ ఆవిడ ఆనవాళ్ళు ఒక్కొక్కటే తగిలేవి. అద్దానికి వేలాడదీసిన తల దువ్వెన. స్టీరింగుకి చుట్టిన నీలం గుడ్డ, చేతులు పట్టుకునే రెండు చోట్లా వెలిసిపోయి. తలుపు సంచిలో ఒక చిన్న కళ్ళజోడు, ఎవరో ముసలివాళ్ళది, తిరిగి ఇవ్వాలనుకుని మరిచిపోయినది.

నడవలేని పెద్దవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామాలు చేయించే కేంద్రానికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళకి చేర్చడం ఆవిడ పని. తాళం తిప్పడం భర్త దగ్గర నేర్చుకుంది, బండి నడపడం తమ్ముడి దగ్గర. నలభై దాటాక ఈ వ్యాను తీసుకుంది. ఎవరినైనా ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు, "నా మెడ పట్టుకోండి, సిగ్గుపడకండి, మా ఆయన లేడిక్కడ," అనేదట.

ఆ రోజు సంగతి మాత్రం ఆయనే చెప్పాడు. టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. పొద్దున పదకొండు. ఆవిడ మొదటి ట్రిప్పు ముగించి వచ్చి ఏదో అడగబోయింది, మాటలు తడబడ్డాయి. నవ్వింది, నవ్వు ఒక పక్కకే వచ్చింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలన్నారు. ఇరవై నిమిషాలెందుకు, బండి గుమ్మంలోనే ఉంది కదా అని వద్దన్నాడు. ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాడు.

"ఏమీ లేదు. టక్కు అని కూడా లేదు. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. సెల్ఫ్ మాత్రం చచ్చిపోయినట్టు ఉంది. పదకొండుసార్లు తిప్పాను. దిగి బానెట్ ఎత్తి బ్యాటరీ వైర్లు కదిపాను, మళ్ళీ ఎక్కి తిప్పాను. రోడ్డు మీదికి పరిగెత్తాను. సామాన్ల లారీ ఒకటి ఆగింది. నలభై నిమిషాలు పోయాయమ్మా."

డాక్టరు, ముందు తెచ్చుంటే బతికేదా అన్నదానికి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. మూడో రోజు ఆవిడని సాగనంపి ఇంటికొచ్చి, చెయ్యి కిటికీలోంచి లోపలికి పెట్టి ఊరికే తాళం తిప్పాడు.

"ఒక్కసారికే పలికింది," అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "ఏం జరగనట్టు."

*

చలి వచ్చింది, పోయింది. మేము వెతుకుతూనే ఉన్నాం. తెల్లవారుజాము చల్లదనంలో కొట్టి చూశాం. మధ్యాహ్నం రేకులు కాలిపోతుంటే కొట్టి చూశాం. గంటసేపు ఇంజను నడిపి, ఆపి, వేడి మీదే కొట్టి చూశాం. ఆయన బండి మూలమూలనా నీళ్ళు చిలికించాడు. నన్ను సీట్లో ఎగిరి కూర్చోమన్నాడు. ప్రతిసారీ అది లేచింది. ప్రతిసారీ గోడ మీద ఒక గీత. ఆ గీతలు చూస్తుంటే నాకు చెరసాల గోడ గుర్తొచ్చేది.

కేంద్రం నుంచి కబురు మీద కబురు. బండినైనా ఇవ్వండి, డ్రైవర్ని మేం పెట్టుకుంటాం, పెద్దవాళ్ళు రాలేకపోతున్నారు అని. ఇవ్వనన్నాడు. ఇంకొకరి ఇంటి ముందు అది మళ్ళీ నోరు మూసుకుంటే?

బావమరిదికి విసుగొచ్చింది ఒకరోజు.

"బావా, కొత్త సెల్ఫ్ మోటారు, కొత్త బ్యాటరీ, కొత్త రిలే, అన్నీ కొత్తవి వేసి పడెయ్. దరిద్రం వదిలిపోతుంది."

"వదిలిపోతుంది. ఏది వదిలిందో తెలీదు."

"తెలిసి ఏం చేస్తావ్? ఊరేగిస్తావా?"

ఆయన పాత గుడ్డ అందుకున్నాడు. బ్యాటరీ మీద లేని దుమ్ముని తుడిచాడు.

"అక్క తిరిగొస్తుందా బావా, చెప్పు. ఈ సుద్ద గీతలు ఆకాశం దాకా గీసినా వస్తుందా?"

"రాదురా. నాకు తెలీదా?" బాబాయి గొంతు మొదటిసారి పెరిగింది. "ఈ బండిలో ప్రతి వైరూ నా చెయ్యి తగిలిందే. ఇది నా చేతి తప్పయితే నా తప్పని తెలియాలి. కాకపోతే కాదని తెలియాలి. ఇటూ కాక అటూ కాక ఈ మధ్యలో నేను ఉండలేకపోతున్నాను. నిద్రలో కూడా తాళం తిప్పుతున్నానురా."

పిన్ని తమ్ముడు లేచి బయటికి వెళ్ళి, కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎండలో ఆ మనిషి నీడ గోడకి ఆనుకుని ఏడుస్తున్నట్టు కదిలింది. తిరిగొచ్చి, గిన్నెలు కడిగి బోర్లించి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే బాబాయి నాకు ఇంకో మాట చెప్పాడు. చెప్పాలనుకుని కాదు, వైరుకి టేపు చుడుతూ తనలో తాను అనుకుంటున్నట్టు.

"మూడుసార్లు చెప్పింది."

"ఏమని?"

"అప్పుడప్పుడూ స్టార్టు కావట్లేదండీ అని. మూడుసార్లూ షెడ్డులోకి తెప్పించాను, నా చేతిలో టక్కుమని స్టార్టయింది. మూడోసారి ఇక్కడ నలుగురు కస్టమర్లు కూర్చునున్నారు. బండిలో ఏం లేదే, నీ చేతిలోనే ఉంది ఫాల్టు, ఇన్నేళ్ళకీ తాళం తిప్పడం రాలేదు నీకు, అన్నాను. అందరూ నవ్వారు." టేపు తెంపాడు. "వాళ్ళెళ్ళాక అడిగింది. ఆ కారాయన చెప్పిన అత్తగారి మాట నమ్మారు, నా మాట నమ్మరా అని. నాలుగోసారి ఇక చెప్పలేదు. బాగైపోయిందేమో అనుకున్నాను."

*

మామ్మగారు వచ్చిన రోజు ఎండ మెత్తగా ఉంది. ఆవిడ పిన్ని వ్యానులో రోజూ తిరిగిన పెద్దావిడ, ఎనభై దాటాయి. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చునేదట. మనవడి బండి మీద వచ్చి, చేతికర్రతో షెడ్డు తలుపు మీద కొట్టింది. మనవడు తిరిగొస్తానని వెళ్ళిపోయాడు.

"ఏమయ్యా టెస్టరూ, నా మెత్త ఏది? నడుం కింద పెట్టుకునేదాన్ని, ముందు సీట్లోనే ఉండిపోయింది. ఏడు నెలలుగా నడుం అడుగుతోంది."

"వెతికిస్తాను మామ్మగారూ, కూర్చోండి."

"కూర్చోవడానికేగా వచ్చింది. నా సీట్లో నన్ను కాసేపు కూర్చోనీ. ఇల్లు దాటి బయటికొచ్చి ఎన్నాళ్ళయిందో." నేనూ బాబాయీ చెరో చెయ్యీ పట్టి ఎక్కించాం. ఎక్కాక చుట్టూ చూసింది. దువ్వెనని వేలితో తాకింది. అది కాసేపు అటూ ఇటూ ఊగింది. "పిల్ల నాకు తల దువ్వేది దీంతో. చిక్కు పడిందంటే, మామ్మా మీ జుట్టు నా బండి వైరింగులా ఉంది అనేది."

బాబాయి గబగబా బానెట్ వైపు వెళ్ళిపోయాడు. నేను నా చోట కూర్చున్నాను. ఆ పూట ఇంకా పని మొదలుపెట్టలేదు.

"కొట్టు!"

తిప్పాను.

ఏమీ లేదు.

లైట్లు వెలిగాయి. టక్కు లేదు, గరగర లేదు. వదిలేసి మళ్ళీ తిప్పాను. ఏమీ లేదు.

"కదలకండి!" బానెట్ వెనక నుంచి ఒక అరుపు. ఆ గొంతులో భయముంది, పండగ ఉంది. "ఎవరూ దేన్నీ ముట్టుకోకండి! తాళం అలాగే పట్టుకో అమ్మా, అలాగే, వదలకు! వచ్చింది, వచ్చింది..." కరెంటు కొలిచే మీటరు వైరు చేతిలోంచి జారి కింద పడిన చప్పుడు, మళ్ళీ అందుకున్న చప్పుడు. "మోటారు దాకా కరెంటు రావట్లేదు. ఇక్కడ లేదు. ఇక్కడా లేదు. ఉండు, ఉండు..."

నేను ఊపిరి బిగబట్టాను. అయిదు నెలలుగా దాక్కున్నది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మామ్మగారు కాసేపు ఓపిక పట్టింది. ఆ తర్వాత చేతికర్రతో నా కాలు పొడిచింది.

"ఎంతసేపమ్మా ఈ తతంగం? ఒక్క పోటు పొడిచి కానియ్."

"ఏంటి మామ్మా?"

"అదే, ఆ స్టీరింగు కింద నల్లడబ్బా. మోకాలితో ఒక్కటి పొడవాలి. పిల్ల రోజూ అట్లాగే చేసేది. ఒక్కోరోజు ఒకటి, ఒక్కోరోజు రెండు."

నాకేమీ తోచలేదు. తాళం పట్టుకునే ఉన్నాను, మోకాలు దానంతటదే లేచింది. నల్ల ప్లాస్టిక్కుకి తగిలింది. టక్కుమంది లోపల ఏదో. ఇంజను లేచింది.

అది ఎంత గట్టిగా లేచిందో నాకు ఇప్పటికీ గుర్తు. రేకులు వణికాయి. ఆ చప్పుడులో బానెట్ నెమ్మదిగా కిందికి దిగింది. దాని వెనక బాబాయి నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో మీటరు వైర్లు, ఎర్రదీ నల్లదీ.

"ఆపమ్మా," అన్నాడు. వినిపించలేదు, పెదాలు కదిలాయి. ఆపాను.

"ఎన్నాళ్ళ నుంచి మామ్మగారూ?"

"ఏది? పొడవడమా? ఏడాది ఉంటుందేమో. నీకు తెలీదా ఏంటి? కరెంటు మేస్త్రీ ఇంటి బండి, నీకు చెప్పకుండా ఉంటుందా అనుకున్నాను." ఆవిడ నా వైపు తిరిగి, ముచ్చట చెబుతున్నట్టు నవ్వింది. "ఓసారి అన్నాను కూడా, మీ ఆయనకి చూపించవే అని. వద్దు మామ్మా, మళ్ళీ నాకు తాళం తిప్పడం రాదంటాడు, నా మోకాలు బాగానే పనిచేస్తోందిలే, అంది. గడుసుది."

నేను మామ్మగారి చెయ్యి పట్టుకున్నాను, ఇక మాట్లాడొద్దని. ఆవిడకి అర్థం కాలేదు. ఆ తర్వాత ఆయన మొహం చూసి అర్థమయింది. "అయ్యో," అంది మెల్లగా. "అయ్యో నాయనా."

*

మామ్మగారిని మనవడు తీసుకెళ్ళాక బాబాయి వ్యానులో నేల మీద వెల్లకిలా పడుకుని, తల స్టీరింగు కిందికి దూర్చాడు. నేను లైటు పట్టుకున్నాను. నల్ల డబ్బా మీద అరచెయ్యంత మేర ప్లాస్టిక్కు నున్నగా మెరుస్తోంది, చుట్టూ గరుకు, మధ్యలో సన్నటి పగులు. ఏడాదిపాటు ఒక మోకాలు, దాని మీది బట్ట, రోజూ తాకి తాకి చేసిన మెరుపు. అయిదు నెలలుగా దాని పక్కనే నా కాళ్ళున్నాయి.

స్క్రూలు నాలుగూ తీశాడు. లోపల అగ్గిపెట్టెంత రిలే. తాళం తిప్పగానే టక్కుమని సెల్ఫ్ మోటారుకి దారి తెరిచేది అదే. దాన్ని పీకి వెలుతురులో తిప్పి చూశాడు. దానికేం కాలేదు. అది కూర్చునే సాకెట్టులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు.

నాలుగు చిన్న గాడులు. ఒక్కోదానిలో రెండు ఇత్తడి పెదవులు, రిలే కాలుని పట్టుకోవడానికి. మూడింటిలో పెదవులు బిగించుకుని ఉన్నాయి. నాలుగోదానిలో తెరుచుకుని ఉన్నాయి.

"లావు మొన గుచ్చితే ఇలా అవుతుంది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెబుతున్నట్టు. "పెదవులు సాగిపోతాయి. పట్టు ఉండదు. తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. ఈ పని చేసినవాళ్ళని ఎంతమందిని తిట్టానో. సాకెట్టులో గుచ్చాలంటే సన్నటి పిన్ను పెట్టి గుచ్చండ్రా, టెస్టరు గుచ్చకండ్రా అని."

చెవి మీది టెస్టరు తీశాడు. మొనని ఆ తెరుచుకున్న పెదవుల మధ్య పెట్టాడు. నొక్కలేదు, ఊరికే ఆనించాడు. సరిగ్గా సరిపోయింది.

"బయటి బండ్లకి సన్న పిన్నే వాడేవాణ్ణి. ఇది సొంత బండి కదా, ఊడదీయకూడదన్న నియమమూ లేదు, సన్న పిన్నూ లేదు. చేతికి దొరికింది గుచ్చాను." టెస్టరు మొన వెనక్కి తీశాడు. "రెండేళ్ళ కిందట లైట్లు చూసినప్పుడు ఒకసారి. తను మొదటిసారి చెప్పినప్పుడు ఒకసారి, రెండోసారి చెప్పినప్పుడు ఒకసారి. ఫాల్టు ఎక్కడుందో వెతుకుతున్నాననుకున్నాను. పెద్దది చేస్తున్నాను."

"నీకెలా తెలుస్తుంది బాబాయ్..."

"నాకే తెలియాలమ్మా. నా పనే అది."

సన్నటి సూది తెచ్చి ఆ రెండు పెదవుల్నీ దగ్గరికి నొక్కాడు. రిలే బిగించి, నల్ల డబ్బా మూసి, స్క్రూలు తిప్పాడు. ఆ మెరుపు మీద పడిన తన చేతి మురికిని చొక్కా అంచుతో తుడిచాడు. ఒక్కసారి కాదు, చాలాసార్లు తుడిచాడు. ఇక పోవడానికి మురికి లేదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు. నేను లైటు ఆర్పేశాను, ఆయన మొహం మీద పడకుండా.

*

మర్నాడే వ్యాను కేంద్రానికి వెళ్ళిపోయింది. బావమరిది నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. సందు మలుపులో అది తిరిగేదాకా బాబాయి గుమ్మంలో నిలబడి, తిరిగాక లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాతి పొద్దుటి నుంచి నా కిటికీ కింద నిశ్శబ్దం. మెలకువ మాత్రం ఆరింటికే వచ్చేది.

షెడ్డు మళ్ళీ తెరవలేదు. బండ్లు వచ్చి, మూసిన తలుపు చూసి వెళ్ళేవి. ఒక్కోసారి ఎవరైనా గట్టిగా తలుపు తడితే, లోపల నుంచి, "చూడటం మానేశానండీ," అనే మాట వినిపించేది. బావమరిది వచ్చి తనతో తీసుకెళ్ళిపోతానన్నాడు. ఒప్పుకున్నాడట, వాదించకుండా. వాదించకుండా ఒప్పుకున్నాడనే మాట ఆ మనిషి రెండుసార్లు చెప్పాడు.

నాకూ పని మారి, ఆ గది ఖాళీ చేయాల్సొచ్చింది. చెప్పి వెళ్దామని దిగాను. షెడ్డు తలుపు ఓరగా ఉంది. మేకులకి వైర్లు లేవు. వ్యాను ఉండేచోట సిమెంటు మీద నూనె మరక, దాని పక్కన పీట వేసుకుని ఆయన. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను, నేనూ నేల మీద కూర్చున్నాను. ఆ రోజు తర్వాత ఆయన్ని మళ్ళీ చూడలేదు నేను. ఎండ రేకు చిల్లులోంచి దిగి, మరక దాకా వచ్చి, మరక దాటి వెళ్ళింది.

"మామ్మగారు చెప్పిన క్షణం నుంచి ఒకటే కనిపిస్తోందమ్మా," అన్నాడు చివరికి. "మా బావమరిదికి చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఆ రోజు పక్క సీట్లో కూర్చోబెట్టాను కదా. కుడి పక్కంతా పడిపోయింది, మాట లేదు. ఎడం చేత్తో పడిపోకుండా తలుపు పట్టుకుంది, ఇక ఎడం కాలొక్కటే తన స్వాధీనంలో ఉంది. నేను తాళం తిప్పినప్పుడల్లా ఆ మోకాలెత్తి ముందున్న డాష్‌బోర్డుని పొడుస్తోంది. తిప్పినప్పుడల్లా. వణుకనుకున్నాను. బాధకి కొట్టుకుంటోందనుకున్నాను. కదలకే, ఏం కాదు, నేనున్నాగా అని, ఇలా అరచెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాను. నా మొహంలోకి చూసింది. మళ్ళీ ఎత్తబోయింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నానమ్మా."